మూడో కుదురు

వరి పువ్వు తెరుచుకునేది గంటసేపే. ఎండ బాగా ఎక్కాక, పది గంటల ప్రాంతంలో గింజ నోరు విప్పుతుంది, పుప్పొడి రాల్చుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. ఇక జన్మలో తెరవదు. అన్నం తినేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు తెలియదు. తెలిస్తే వాళ్లకు ఒరిగేదీ లేదనుకోండి. నా బతుకు మాత్రం ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క గంట చుట్టూనే తిరిగింది.

మెదక్ నుంచి హవేలిఘనపూర్ పోయే దారిలో మాది ఒక చిన్న విత్తన పరిశోధన క్షేత్రం. నేను అందులో కూలికి చేరి, చెయ్యి కుదురుగా ఉందని సంకరం పనికి మారాను. నాట్లకు వచ్చే ఆడవాళ్లు దాన్ని వడ్ల పెండ్లి అని ఎగతాళి చేసేవారు. "ఏందక్కా, ఇయ్యాల ఎవరి పెండ్లి? మాకు దావత్ లేదా?" అని గట్టు మీద నుంచి అరిచేవారు. "మీ మొగుళ్ల పెండ్లి, రాండ్రి" అని నేనూ అరిచేదాన్ని.

ఆ పనేమిటంటే, సాయంత్రం తల్లి మొక్క మీద ఇంకా తెరవని కంకిని ఎంచుకోవాలి. ఒక్కో గింజ కొసను కత్తెరతో కోసి, సన్నటి పట్టకారుతో లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులనూ తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ తనతో తానే కట్టేసుకుంటుంది, మన పని దండగ. ఆరూ తీశాక పలచటి కాగితం సంచి తొడిగి రావాలి. మర్నాడు ఎండెక్కాక తండ్రి కంకిని పట్టుకొచ్చి ఆ సంచిలో మెల్లగా దులపాలి. నెల తిరిగేసరికి, పొట్టు కోసేసిన చోట బియ్యపు గింజ బట్టలు లేని చంటిపిల్లలా బయటికి కనిపిస్తుంది. అలాంటి గింజలు ఒక కంకికి పది వస్తే పండగే.

ఈ పని చేసేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే చెయ్యి కదులుతుందని మా సారు ఒప్పుకునేవారు కాదు. నాకా, నోరు ఎక్కువ. పొలంలో దాచుకున్న మాటలన్నీ ఇంటికి తీసుకుపోతే అక్కడ వినేవాళ్లు లేరు. మా ఆయన తూప్రాన్ దగ్గర వేరే కాపురం పెట్టాడు. పెట్టుకోనీ, పీడా పోయింది అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. కానీ చర్చి వెనక గల్లీలో నా కిరాయి గది తాళం తీసి లోపలికి పోయిన ప్రతిసారీ, లోపల ఎవరో ఒకరు ఉంటే బాగుండునని అనిపించేది. పిల్లలు లేరు. ఆదివారం చర్చి నిండా జనం, పైన గంటలు, బయట ఫొటోలు దిగే పట్నం వాళ్లు. నేను ఆ జనంలోంచి కొత్తిమీర కట్ట పట్టుకుని ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంటికి వచ్చేదాన్ని. ఒక్కోసారి బస్టాండులో నాకు తెలిసిన బస్సు టైమునే మళ్లీ అడిగేదాన్ని. ఎవరో ఒకరు జవాబు చెబుతారు కదా.

ఇక సారు సంగతి. ఆయన వరి శాస్త్రవేత్త. నల్గొండ వైపు మనిషి. మనుషులతో తక్కువ, మొక్కలతో ఎక్కువ. ఒకరోజు మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పుకుని తింటుంటే, ఆ అన్నం మీద విసుక్కుని మా మేనత్త బియ్యం గురించి నోరు జారాను. ఎల్దుర్తి అవతల ఆమె ఊరు. నన్ను పెంచింది ఆమే. ఆమె పొలంలో ఒక పాత వరి ఉండేది. అన్నం వండితే వేయించిన పెసర్ల వాసన వచ్చేది, నమిలే కొద్దీ తియ్యబడేది. అయితే మొక్క మనిషెత్తు పెరిగేది. గింజ పాలు పోసుకున్నాక గట్టి వాన ఒకటి పడిందా, చేను చేనంతా వెల్లకిలా పడుకునేది. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ పడిపోయిన చేన్ని తిట్టేది, మళ్లీ ఏడు అదే వేసేది. కోతకు ముందు చేనంతా తిరిగి, గట్టిగా నిలబడ్డ మొక్కలవి, గింజ బరువైనవి, రోగం లేనివి కంకులు ఏరి, కట్ట కట్టి దూలానికి వేలాడదీసేది. అదే పైయేటికి విత్తనం.

సారు తినడం ఆపేశారు.

"మీ అత్త నాకన్న ముందుగాల సైంటిస్టు. మేం పుస్తకాలల్ల రాసుకున్నది ఆమె దూలానికి ఏలాడగట్టింది. గా కట్ట ఇప్పుడు ఉన్నదా?"

"అత్త పోయి మస్తు రోజులాయె సారు. కొడుకు ఈ ఏడుతోని గా వరి బంద్ పెడుతడట."

"అయితే రేపే పోయి పట్కరా."

తెచ్చాను. సారు మొదట కొన్ని గింజలను ఎక్కడికో పంపి కిరణాలు పట్టించారు. గింజ లోపల ఏదో ఒకటి చెదిరి, పొట్టి మొక్క దానంతట అదే పుడుతుందేమోనని ఆశ. చెదరడం బాగానే చెదిరింది. తెల్లవి పుట్టాయి, గింజ పట్టనివి పుట్టాయి, చీపురు కట్టల్లాంటివి పుట్టాయి. పనికొచ్చేది ఒక్కటీ లేదు. "గుడ్డోని చేతికి కొడవలి ఇచ్చినట్టాయె" అని సారు అన్నీ పీకించేశారు. ఆ తరువాత సంకరానికి దిగాం. తల్లి అత్త వరి. తండ్రి మెదక్ బజారులో ఏ దుకాణంలో అడిగినా ఇచ్చే పొట్టి సన్నరకం. అది వానకు లొంగదు, కానీ రుచి అంటారా, కడుపు నిండుతుంది, అంతే. తల్లి రుచి, తండ్రి పొట్టితనం ఒకే మొక్కలోకి రావాలి. నా చేత్తో కోసి, నా చేత్తో దులిపితే పదకొండు గింజలు వచ్చాయి.

ఆ పదకొండూ మొలిచి అన్నీ అత్త వరిలాగే తాడెత్తు పెరిగాయి. నాకు ఏడుపొచ్చింది. "ఆగమ్మా, పొట్టితనం లోపల దాక్కున్నది, వచ్చే పంటకు బయటపడతది" అన్నారు సారు. అన్నట్టే రెండో తరంలో మడి మడంతా కలగాపులగం. పొడుగువి, పొట్టివి, ముందే పూసినవి, ఎంతకీ పూయనివి, ఒకటి ఒకలా లేదు. అందులోంచి ఏరుకోవాలి. ఏరిన మొక్క గింజలు ఒక వరుసగా వేసి, ఆ వరుసలో మళ్లీ ఏరాలి. వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. అలా ఏడెనిమిది పంటలు ఏరితేగాని మొక్కలన్నీ ఒక్క తీరుగా నిలకడకు రావు. ఇదే పాత పద్ధతి. ఇందులో యంత్రం లేదు. చూసే కళ్లు, గింజ కొరికి చూసే పళ్లు, ఓపిక ఉంటే చాలు.

ఆరో తరం నారు పోసిన వారానికి సారు రిటైరయ్యారు.

"ఇంక రెండు మూడు పంటలే. చేసుడంతా నీదే. పూత అయినంక ఒకపారి, కోత అయినంక ఒకపారి నేనే ఫోన్ చేస్త. మన వరుస ఎట్లున్నదో చెప్పు" అని నల్గొండ బస్సెక్కారు. ఏడాదికి రెండు పంటలు, అంటే నాలుగు ఫోన్లు. నవ్వకండి. నా ఫోనుకు కంపెనీ వాళ్లవి కాకుండా వచ్చే ఫోన్లు ఆ నాలుగే. మన వరుస, అనేవారాయన. ప్రపంచంలో నాతో కలిపి 'మన' అన్న మాట వాడే మనిషి ఆయనొక్కరే. ఆ వరుస ఉన్నంతకాలమే ఆ ఫోన్లు అని నాకు బాగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. మా వైపు నాటు వేసే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. మడిలో ఒక కుదురు, అంటే ఒకచోట గుచ్చిన నారు, చచ్చిపోయి ఖాళీ కనిపిస్తే వాళ్ల ప్రాణం ఒప్పదు. గట్టు మీద మిగిలిన నారు ఏది దొరికితే అది తెచ్చి గుచ్చేస్తారు. రైతు మడిలో అది మంచి గుణం. పరిశోధన మడిలో అంతకన్నా పాపం లేదు. ఒక వరుసలో వేరే రకం మొక్క ఒకటి చేరితే ఏళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. అందుకే చచ్చిన కుదురు చోటు ఖాళీగానే వదిలేయాలి, పుస్తకంలో ఖాళీ అని రాయాలి. ఈ విషయంలో నేను తిట్టని ఆడది లేదు. "నీ చేతులు పడిపోను, ఖాళీ ఉంటే నీ సొమ్మేం పాయె?" అని ఒకసారి ఒకామెను ఏడిపించాను కూడా.

సారు వెళ్లిన తరువాత ఒక సాయంత్రం, కూలీలందరూ ఆటో ఎక్కి పోయాక, ఆరో తరం వరుస చూద్దామని నేనొక్కదాన్నే మడిలోకి దిగాను. ఎండ్రకాయ కొరికేసింది. వరుసలో మూడో కుదురు లేదు. రెండుంది, నాలుగుంది, నడుమ నీళ్లు. ఆ నీళ్లలో చర్చి శిఖరం వైపు ఆకాశం ఎర్రగా కనిపిస్తోంది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. గట్టు మీద ఒక నారు కట్ట మిగిలి ఉంది. ఆ వరుసదే అయి ఉంటుందనుకున్నాను. చీటీ లేదు. పక్కన పోల్చి చూడటానికి తండ్రి రకం కూడా నాటాం, దానిది కూడా కావచ్చు. ఇంకొకరైతే నేను చెంప పగలగొట్టేదాన్ని. కానీ నేనే వంగి, ఆ కట్టలోంచి రెండు మొక్కలు తీసి, మూడో కుదురు చోట గుచ్చాను. పుస్తకంలో రాయలేదు.

ఆ వరుసలో అన్నిటికన్నా బలంగా పెరిగింది అదే. కోతకు వచ్చినప్పుడు వరుసలో మంచి మొక్క ఏదని చూస్తే, కళ్లు దాని మీదే ఆగాయి. కాదు కాదు, ఎండ్రకాయ కొరికింది నాలుగోది, ఇది మొదటి నుంచీ ఉన్నదే, అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధానికి సాక్షులు అక్కర్లేదు. దాన్నే ఏరాను. ఏడో తరం ఎంత చక్కగా వచ్చిందంటే, అన్నీ ఒక్క ఎత్తు, ఒక్కరోజు పూత. పిడికెడు దంచుకుని నా గదిలో వండుకున్నాను. పెసర్ల వాసన వచ్చింది. ఒట్టు, వచ్చింది. సారు ఫోనులో అడిగితే, "రూపం మొత్తం తండ్రిది సారు, రుచి మాత్రం మా అత్తది" అన్నాను. ఆయన పిల్లవాడిలా నవ్వారు. అలా ఏడాదిన్నర గడిచింది. వరుస కాస్తా మడి అయింది.

అప్పుడు కొత్త మేడం వచ్చింది. ముప్పై దాటని పిల్ల. నన్ను అక్కా అని పిలిచేది, తన డబ్బాలో కూర నా కంచంలో వేసేది. వచ్చిన కొన్నాళ్లకు, చుట్టూ వల బిగించి తాళం వేసి ఉంచే షెడ్డులో సీసాల్లో మొలకలు పెడుతోందని, ఆ మొలకలు మా అత్త వరివని తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పోయి అడిగాను.

"మా అత్త వడ్లు మీకెవరిచ్చిండ్రు మేడం?"

"విత్తనాల బీరువాల ఉన్నయి గదక్కా, సారు దాచినయి. పొట్టిగ చేద్దామని తీసిన."

"పొట్టిగ మేం చేసినం. ఏండ్లు పట్టింది. మీరు సీసాల పెట్టి చేస్తరా?"

ఆ పిల్లకు కోపం రాలేదు. స్టూలు నా వైపు జరిపి కూర్చోమంది. మొక్క ఎత్తు పెరగమని చెప్పే మాట ఒకటి గింజ లోపల రాసి ఉంటుందట. ఆ మాట ఎక్కడుందో వెతికి, అక్కడ మాత్రమే చిన్న కోత పెడతారట. కోత మానేటప్పుడు అక్షరం తప్పి, ఆ మాట పనిచేయడం మానేస్తుందట. మిగతాదంతా ఎలా ఉన్నది అలాగే. దాన్నే జన్యు సవరణ అంటారని చెప్పింది.

"మీరు రెండిండ్ల సామాను ఒక్కకాడ కుప్ప పోసి, కావాల్సినయి ఏరుకుంటున్నరు. ఏరుకునేటాళ్లకు ఏండ్లు పడతది. నేనేమో మీ అత్త ఇల్లు అట్లనే ఉంచి ఒక్క మొల పీకుతున్న. గంతే అక్కా."

మా అత్త ఇల్లు అట్లనే ఉంచి, అన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది. ఏళ్ల తరబడి వంగి వంగి నడుము పోగొట్టుకున్నది నేను. ఆ పిల్ల మూడో పంటకే మోకాళ్లకు కొంచెం పైదాకా పెరిగిన అత్త వరిని మడిలో నిలబెట్టింది. గట్టు మీద నుంచి చూశాను. చక్కగా ఉంది. చక్కగా లేకపోతే బాగుండునని అనుకున్నాను, దాచడం ఎందుకు.

ఆ ఏడు పెద్ద పరీక్షకు మా క్షేత్రం నుంచి ఒక్క రకమే పంపాలన్నారు. పంపిన రకాన్ని చాలా చోట్ల వేసి చూస్తారు. అందులో నెగ్గితే రైతు చేతికి పోతుంది. పంపనిది బీరువాలో మూలకు పోతుంది. నా వరుసా, మేడం వరుసా? సారు ఆ పంట మధ్యలో, అనుకున్న లెక్కకు మించి ఒక ఫోను ఎక్కువ చేశారు. "మనదే పోవాలెనమ్మా. నేను బతికుండంగ చూడాలె" అన్నారు. మేడం న్యాయమైన మనిషి. ఆకులు తీసి ల్యాబులో జన్యువులు పోల్చి చూద్దాం, ఈలోపు వండి రుచి చూద్దాం, ఏది అత్త బియ్యానికి దగ్గరైతే అదే పంపుదాం అంది. ఆకులు నన్నే తెమ్మంది.

సవరించిన బియ్యం కదా, వండి చూడటానికి అనుమతి కాగితం వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆఫీసు బల్ల మీద మూడు స్టీలు గిన్నెలు పెట్టింది. అడుగున చీటీలు అంటించి ఉన్నాయి. ఒకటి అసలు అత్త బియ్యం, ఒకటి తను సవరించినది, ఒకటి నాది. ఏది ఏదో నాకు చెప్పలేదు.

"అసలుదాన్ని చిన్నప్పటి సంది తిన్నది మీరొక్కరే అక్కా. మీ నాలుక ఏం చెబితే అది."

మొదటి గిన్నెలోది నమిలాను. ఏదో వాసన ఉంది గాని నాకు కొత్తగా అనిపించింది. రెండోది కూడా అంతే. మూడో గిన్నెలోది నోట్లో పెట్టుకోగానే మెడ వెనక జివ్వుమంది. నమిలే కొద్దీ తీపి. పెసర్ల వాసన. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గిదే మేడం. మా అత్త బియ్యం గిదే. కండ్లు మూసుకొని చెప్త."

మేడం గిన్నె ఎత్తి అడుగున చీటీ చూసింది. అది అత్త బియ్యం కాదు, నా వరుసది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అక్కా, అసలుదానికన్న మీదే అసలు లెక్కున్నది. మీదే పంపుదాం పోండ్రి" అని నా చెయ్యి పట్టుకుంది. మూడేళ్లుగా లోపల కుట్టే పురుగు ఆ క్షణంలో చచ్చిపోయింది. చూశావా, నాలుక అబద్ధం చెబుతుందా అనుకున్నాను. అదే ఊపులో మడికి పోయి, నా వరుస నడుమ నిలబడి, ధైర్యంగా ఆకులు తుంచి ఇచ్చాను. అనుమానం అలాగే ఉండి ఉంటే, బీరువాలోని పాత తరం గింజలు కుండీలో మొలిపించి వాటి ఆకులు ఇచ్చేదాన్నేమో. చెప్పలేను.

ఫలితం వచ్చిన రోజు నేను కంకులకు సంచులు తొడుగుతున్నాను. మేడం గట్టు మీదికి వచ్చి, చెప్పులు విప్పి, మడిలోకే దిగింది. ఎప్పుడూ దిగని పిల్ల. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. మూడు నిలువు వరుసల్లో గీతలు. మొదటిది అత్త బియ్యం, రెండోది తండ్రి రకం, మూడోది నాది.

"మీ దాంట్ల అత్త బియ్యంది ఒక్క గీత గూడ లేదక్కా. ఇది తండ్రి రకమే. ఉత్త తండ్రి రకమే. నేను రెండుపార్లు చేయించిన."

ఉత్త తండ్రి రకం. అంటే మెదక్ బజారులో అందరూ తినే బియ్యం. మూడేళ్లు నేను దంచుకుని, వండుకుని, కళ్లు మూసుకుని అత్తను తలుచుకుంటూ తిన్నది ఆ బియ్యం. మొన్న కళ్లనీళ్లు పెట్టుకుంది దానికే. అత్తదీ, అత్తదాంట్లోంచి చేసిందీ నోట్లో పెడితే కొత్త అన్నాను. నాకు సిగ్గుతో నిలువునా ఒళ్లు కాలిపోయింది.

"ఏడనో కలిసి ఉంటది. కూలోళ్లు ఎవరన్న ఖాళీ నింపిండ్రో ఏమో" అంది మేడం, నా తప్పు కాకుండా చేయడానికి.

ఎవరో ఒకరి మీద పెట్టొచ్చు. వాళ్లకు తెలియను కూడా తెలియదు. నేను ఏడిపించిన ఆమె గుర్తొచ్చింది.

"నేనే నింపిన మేడం. ఆరో తరంల మూడో కుదురు. పుస్తకంల రాయలే."

"మీరా? అందరిని తిట్టేది మీరే గదక్కా! ఎందుకు?"

"సారు పోయిండ్రు. ఇంట్ల ఎవరు లేరు. ఆడికొస్తే ఆడ గూడ ఒకటి లేదు. చూడలేకపోయిన."

ఆ పిల్ల నా చేతిలోని సంచుల కట్ట అందుకుంది. ఐదో తరం గింజలు బీరువాలో ఉన్నాయని, కావాలంటే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చని చెప్పింది. నాలుగు పంటలు పడుతుంది. నా సర్వీసు ఇంకా రెండు పంటలే. అదీగాక పొట్టిగా మారిన అత్త వరి పక్క మడిలో నిలబడే ఉంది. ఇక ఎవరి కోసం? తన రకం పంపమన్నాను. సంచులు తొడగడం పూర్తి చేసి ఇంటికి పోయాను.

కోతలయ్యాక సారు ఫోను వస్తుంది. ఈలోపు నేను రకరకాల అబద్ధాలు తయారుచేసుకున్నాను. పరీక్ష వచ్చే ఏటికి వాయిదా పడింది సారు. తెగులు తగిలింది సారు. ఇంకో పంట చూద్దామన్నారు సారు. ఇందులో ఏది చెప్పినా ఫోన్లు ఆగవు. ఆయన వయసు మీద పడ్డ మనిషి, వచ్చి చూడలేరు. నిజం చెబితే ఆయనకు దుఃఖం, నాకు ఆ నాలుగు ఫోన్లు పోతాయి. అబద్ధం చెప్పడమే ధర్మమని కూడా నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఫోను మోగింది. ఎత్తాను.

"ఏమ్మా, పంపిండ్రా మనది?"

మనది అనకుండా ఉంటే అబద్ధం చెప్పేదాన్ని.

"మనది లేదు సారు. ఎప్పుడో పోయింది. నేనే పోగొట్టిన" అని మొదలుపెట్టి, ఎండ్రకాయ నుంచి గీతల దాకా అన్నీ చెప్పేశాను. అవతల కుక్కరు కూత వినిపించింది. మళ్లీ కూసింది.

"ఆ చోటు అట్లనే ఉంచితే ఏమైతుండెనమ్మా?" అన్నారు చివరికి.

"ఏం కాకపోతుండె సారు."

"నేను మూడేండ్ల సంది ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పుకుంటున్న. మా వరుస రుచి తల్లిది, రూపం తండ్రిది అని." స్టవ్వు కట్టేసిన చప్పుడు వినిపించింది. "సరే. ఉంట మరి."

యాసంగి వచ్చింది. మేడం రకం పెద్ద పరీక్షకు పోయింది. దాని మడికి కాపలా కాసింది, కలుపు తీయించింది, కలిసిన మొక్కలు ఏరి పీకించింది నేనే. ఈసారి చచ్చిన కుదుర్లన్నీ పుస్తకంలో రాశాను. మేడం ఒక పొట్లం అసలు అత్త బియ్యం ఇచ్చింది. వండుకున్నాను. ఎవరింట్లోనో భోజనానికి కూర్చున్నట్టు బిడియంగా తిన్నాను. రోజూ తింటే మళ్లీ తెలుస్తుందేమోనని వారం రోజులు తిన్నాను. తెలియలేదు.

పూత వచ్చింది, అయిపోయింది. ఫోను రాలేదు. వారం ఆగాను, పదిహేను రోజులు ఆగాను. కంకులు వంగాయి. ఒక ఆదివారం, చర్చి నుంచి జనమంతా ఇళ్లకు పోయాక, నేనే నంబరు నొక్కాను. ఇన్నేళ్లలో ఆయనకు నేను ఫోను చేయడం అదే మొదటిసారి. ఏం చెప్పాలో ఆలోచించనే లేదని నొక్కాకే తెలిసింది.

"ఆఁ, చెప్పమ్మా" అన్నారు.

చెప్పడానికి వరుస లేదు. పూత ఎలా ఉందనడానికి ఏ పూతా మాది కాదు.

"ఏం లేదు సారు. ఊరికే చేసిన."

"ఊరికేనా?"

"ఊరికే."

వరి గురించి కాకుండా మేమిద్దరం ఎన్నడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయనకు పిల్లలెందరో కూడా నేను అడగలేదు. ఇప్పుడు ఆయన పెట్టేస్తారనుకున్నాను. అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆయన ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.